పొద్దున లేచే తాబేలు: కర్నూలు నుంచి ఎర్రగుంట్ల దాకా

మా సంఘంలో నంద్యాల దాకా వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. అక్కడి నుంచి కుందేరు వెంబడి కోయిలకుంట్ల మీదుగా కడప జిల్లాలోకి దిగినవాళ్లు తక్కువ. ఆ డిసెంబరు వరకు నేనూ దిగలేదు. తిరిగి వచ్చినప్పటి నుంచి స్త్రీల కూటంలో అక్కచెల్లెళ్లు అడుగుతూనే ఉన్నారు: ఎర్రగుంట్ల ఎట్లుంటుంది, అక్కడివాళ్లు సంగటిలోకి ఏం నంజుకుంటారు, మీ తమ్ముడి కారుకు ఏమైంది అని. మొదటి రెండింటికీ జవాబు తేలికే. మూడోది తెలిసిన ఉదయం నా కళ్లను నేనే నమ్మలేదు. ఆ విస్మయం ఇంకా పూర్తిగా వదల్లేదు కూడా. అందుకే కూర్చుని రాస్తున్నాను.

కర్నూలు

నా తమ్ముడు ప్రభుదాసు పెళ్లికి ముందు నుంచీ లారీ డ్రైవరు. ఆ ఏడు వాడి నడుము దెబ్బతింది. ఇక లారీ ఎక్కితే మంచం పడతావని డాక్టరు చెప్పేశాడు. ఉన్నదంతా పెట్టి ఒక సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాడు. ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఆఫీసర్లను తిప్పడానికి కార్లను నెలవారీ బాడుగకు తీసుకుంటారని వినివచ్చాడు. గురువారం పొద్దున్నే గేటు దగ్గర బండ్లు చూస్తారు. నచ్చితే అక్కడే పని, భార్యాబిడ్డలను అక్కడికే తెచ్చుకోవచ్చు, రాత్రికి ఇంట్లో అన్నం తినవచ్చు. నచ్చకపోతే మళ్లీ లారీయే, డాక్టరు ఏమన్నా సరే.

మా దగ్గర ఎవరు ఏం కొన్నా సంఘం ముందు నిలబెట్టి ప్రార్థన చేయించుకుంటారు. కుట్టుమిషనైనా, ఆటో అయినా, పాడి ఎనుమైనా అంతే. ఆదివారం ఆరాధన ముగిశాక మిట్టమధ్యాహ్నపు ఎండలో కారును మందిరం ముందు నిలిపాం. సంఘ పెద్ద శామ్యూలయ్యగారు నూనె సీసా తెచ్చారు. పెద్ద ఊళ్లలో ఒలీవ నూనె వాడతారట. మాది మొదటి నుంచీ కొబ్బరి నూనే. ప్రార్థించి ఉంచుకున్నది.

ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ముందర మూత ఎత్తు నాయనా" అన్నారు. ప్రభుదాసు బానెట్ ఎత్తాడు. పెళ్లికూతురి నగలు చూపించినట్టు ఒక్కొక్క భాగాన్నీ చూపించాడు. ఇది బ్యాటరీ, ఇది నీళ్ల డబ్బా, ఇది గాలి పీల్చే పెట్టె, ఎయిర్ ఫిల్టరు కొత్తది వేశాను చూడండి అని దాని మూత కూడా విప్పి చూపించాడు. అందరం మోకరించి కళ్లు మూసుకున్నాం. ఆయన ప్రార్థన ఎప్పుడూ పొడవే. ఆమేన్ అనగానే పాట అందుకున్నాం. ఆ సందడిలోనే ప్రభుదాసు మూతలన్నీ మూసేశాడు. సీసా ఖాళీగా కనిపించింది. ఎవరో తల్లులు పిల్లల నుదుటికి అద్దుకుని ఉంటారు అనుకున్నాను.

సోమవారం తెల్లవారి తాళం తిప్పితే స్టీరింగు వెనక పసుపు రంగు దీపం వెలిగింది. ఇంజను బొమ్మట. నాకైతే తల బయటపెట్టిన తాబేలులా ఉంది. పది మైళ్లు తిరిగాక ఆరిపోయింది. మంగళవారం పొద్దున మళ్లీ వెలిగింది.

"తాబేలు లేసిందక్కా" అన్నాడు వాడు. ముఖంలో నెత్తురు లేదు. "ఆ దీపం ఎలుగుతాంటే గేటు కాడ్నే తిప్పి పంపుతారంట."

కోయిలకుంట్లలో స్త్రీల కూటానికి వాక్యం చెప్పడానికి నేను ఎలాగూ వెళ్లాలి. తోడుగా నన్ను ఎక్కించుకుని, దారిలో సంగతేమిటో తేల్చుకుంటూ పోదామన్నాడు. ఆ ఉదయమే బయలుదేరాం.

నంద్యాల

నంద్యాల చేరేసరికి ఆకలి దంచుతోంది. బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాం. మా కర్నూలులో ఉగ్గానికి పుట్నాల పొడి ధారాళంగా చల్లుతారు. ఆ బండి ఆమె చెయ్యి ముడుచుకుందిగానీ, బజ్జి మాత్రం అరచేయంత వేసింది. మహానందికి పోయే బస్సులు ఆగి జనం టీలకు దిగుతున్నారు. కోనేటి నీళ్లు ఎంత తేటగా ఉంటాయో, అడుగున పడిన గుండుసూది కూడా ఎలా కనబడుతుందో బజ్జీల ఆమె మాకు చెప్పింది. మేము అటు వెళ్లేవాళ్లం కాదని తెలిసినా చెప్పింది. ఊరి నీళ్ల మీద అంత ప్రేమ ఉండటం బాగుంది.

మెకానిక్ ఖాజా షెడ్డు బస్టాండుకు కాస్త అవతల. నడివయసు మనిషి, నోట్లో వక్కపొడి. మేము వెళ్లేసరికి దీపం ఆరిపోయి ఉంది.

"యాడుంది దీపం?" అన్నాడు.

"పొద్దున ఉండాది భాయ్. ఇప్పుడు లేదు" అన్నాడు ప్రభుదాసు.

"నొప్పి పొద్దున వచ్చింది, ఇప్పుడు లేదు అంటే డాక్టరు ఏం సూస్తాడప్పా?" అంటూనే ప్లగ్గులు విప్పి తుడిచాడు, వైర్లు ఊపి చూశాడు. నల్ల పెట్టె మీద చెయ్యి వేయబోతే తమ్ముడు ఆపాడు. "ఫిల్టరు ముట్టాకు భాయ్. కొత్తది. మొన్ననే ఏసి ప్రార్థన చేయించినా."

ఖాజా చెయ్యి తీసేశాడు. అంతా బిగించి బండి స్టార్టు చేశాడు. దీపం లేదు. "అయిపాయె" అన్నాడు, తన చేతితోనే ఆర్పినట్టు.

నాకు అనుమానం పోలేదు. రేపు పొద్దున మళ్లీ వస్తే అని అడిగాను.

"వస్తే ఇదుండాది కదక్కా." జేబులోంచి నల్లటి టేపు చుట్ట తీశాడు. "ఇంత ముక్క అంటించుకోండి దాని మీద. ఈడ సగం బండ్లకు అదే. వైరు కోసేసినవాళ్లూ ఉండారు. గేటు కాడ సూసేది ఎలుగుతాందా లేదా అనే గదా."

ఆపద ఉందని చెప్పడానికి పెట్టిన దీపం. దాన్ని మూసిపెట్టి ఆఫీసర్లను ఎక్కించుకుని ఘాట్ రోడ్లలో తిరుగుతున్నారట. ఖాజా చెడ్డవాడు కాదు. మధ్యాహ్నం నమాజుకు వేళైందని చేతులు కడుక్కుంటూ, "దూరం పోతాండారు, నీళ్లు ఉండాయా?" అని అడిగి సీసా నింపి ఇచ్చాడు. అలాంటి మనిషి నోటి నుంచి ఆ మాట అంత మామూలుగా రావడమే నన్ను కుదిపింది.

ప్రభుదాసు టేపు ముక్క అడిగి తీసుకున్నాడు. నేను చూస్తున్నానని తెలిసి జేబులో పెట్టుకున్నాడు.

కోయిలకుంట్ల

నంద్యాల దాటితే నల్లరేగడి. రోడ్డుకు రెండు వైపులా శనగ చేలు మోకాలి ఎత్తున పచ్చగా పరుచుకున్నాయి. చెట్టన్నది కనబడదు. మా వైపు ఎర్రనేలలూ రాళ్లూ చూసిన కంటికి ఆ నలుపు మీది పచ్చదనం వింతగా ఉంది. దారిలో పెట్రోలు పోయించుకున్నచోట సంగతి చెబితే బంకు మనిషి నవ్వాడు. "ఎవడో కిరోసిన్ కలిపి పోసినాడప్పా నీకు. మాది మాత్రం నిఖార్సు." ఎవరిని అడిగినా తప్పు పక్కవాడిదే.

రాత్రికి ఎలీశమ్మ ఇంట్లో దిగాం. ఆమె భర్త పోయాక సొంతంగా రెండెకరాల శనగ చేస్తూ, వారానికి ఒకసారి తన వసారాలోనే స్త్రీల కూటం నడుపుతోంది. జొన్న రొట్టె, వంకాయ పుల్లగూర, పచ్చి ఉల్లిగడ్డ పెట్టింది. రొట్టె చేత్తో తట్టే చప్పుడుకే ఆకలి రెట్టింపైంది. కూటంలో నేను జాగ్రత్తగా మెలకువగా ఉండటం గురించి చెప్పాను. చెబుతున్నంతసేపూ తమ్ముడి జేబులోని టేపు ముక్క గుర్తొస్తూనే ఉంది.

బుధవారం పొద్దున చలి. మా కర్నూలులో ఇంత ఉండదనిపించింది. ప్రభుదాసు తాళం తిప్పి, స్టీరింగు మీద నుదురు ఆనించాడు. తాబేలు లేచింది.

ఎలీశమ్మ నా జడ వేస్తానని కూర్చోబెట్టింది. నూనె సీసా తలకిందులు చేస్తే చుక్క రాలలేదు. లోపల తెల్లగా గడ్డకట్టింది.

"చలికాలం వస్తే దీనితో సావు" అంటూ ఆమె దాన్ని పొయ్యి గట్టు మీద పెట్టింది. "ఎండెక్కితే తనే దిగుతాది. పొద్దునపూట మాత్రం కదలదు."

నేను విన్నాను. నవ్వాను కూడా. నాకు ఏమీ తట్టలేదు.

కడప

జమ్మలమడుగు దగ్గర పెన్న దాటాం. ఏటిలో నీళ్లకన్నా ఇసుకే ఎక్కువ. ఎర్రగుంట్ల దగ్గరపడేకొద్దీ పొలాల చుట్టూ ముళ్లకంచెలకు బదులు నాపరాళ్లు నిలువుగా పాతి ఉన్నాయి. ఇళ్ల గోడలు నాపరాళ్లే, పశువుల తొట్లూ నాపరాళ్లే. చెట్ల ఆకుల మీద సిమెంటు దుమ్ము పేరుకుని ఉంది. వాన పడితే ఆ ఆకులు గట్టిపడవా అని అడిగాను. ప్రభుదాసు నవ్వలేదు. ఎర్రగుంట్లలో ఆగకుండా నేరుగా కడపకు పట్టించాడు. బండికి కంప్యూటరు తగిలించి లోపలి రోగం చెప్పే మనిషి ఒకడు అక్కడ ఉన్నాడని ఎవరో చెప్పారు.

కడపలో ముందు దోశ తిన్నాం. ఎర్రకారం పూసి, పైన పప్పులపొడి జల్లి ఇచ్చారు. మొదటి ముద్దకే నా కళ్లలోంచి నీళ్లు కారాయి. పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన నన్ను చూసి, "ఏ ఊరమ్మా?" అన్నాడు. కర్నూలంటే, "ఓ, అందుకేనా" అన్నాడు. కర్నూలువాళ్లు కారం తినలేరని జీవితంలో మొదటిసారి విన్నాను.

ఆ కంప్యూటరు మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. పలక అంత యంత్రానికి వైరు తగిలించి స్టీరింగు కింద గుచ్చాడు. తెర మీద అక్షరాలు వచ్చాయి. చాలాసేపు చూశాడు.

"గాలి సరిగ్గా అందడం లేదని చెబుతాంది" అన్నాడు. "కానీ ఇప్పుడు చూస్తే బాగానే అందుతాంది. గాలిని కొలిచే సెన్సారు పోయుంటాది. కొత్తది చెన్నై నుంచి తెప్పియ్యాల."

"ఎప్పటికి వస్తాది?"

"వచ్చే వారం."

"రేపు పొద్దున నేను గేటు కాడ ఉండాల సార్."

అతను భుజాలు ఎగరేసి యంత్రం వైరు చుట్టుకున్నాడు. "ఇప్పటికి చెరిపేసినా. దీపం రాదు. పొద్దున వస్తే నా తప్పు కాదు."

నేను విస్తుపోయాను. ఇంజను లోపలి మాట చదవగల యంత్రం, చదివి కూడా ఏమైందో చెప్పలేకపోయింది. రెండు రోజులుగా ఒక్కొక్కరు ఒక్కో కారణం ఎంత ధీమాగా చెప్పారో తలుచుకుంటే నాకు భయం వేసింది. వాక్యం చెప్పేటప్పుడు నేనూ అంతే ధీమాగా చెబుతానేమో అనిపించింది.

ఎర్రగుంట్ల

సాయంత్రానికి ఎర్రగుంట్లకు తిరిగి వచ్చాం. అక్కడి చిన్న మందిరంలో వాక్యం చెప్పే కాపరిగారు వసారాలో పడుకోమన్నారు. లారీ డ్రైవర్ల హోటల్లో రాగి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి తిన్నాం. మీరు అడిగారు కదా, నంజుకునేది అదే. చెనిక్కాయలు, అంటే వేరుశనగలు, వేయించి, ఎండుమిరపకాయలూ చింతపండూ వేసి రోట్లో దంచుతారు. మన పుంటికూర పప్పుకన్నా నాకు అదే నచ్చిందని ఒప్పుకుంటున్నాను.

ప్రభుదాసు రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేశాడు. "అక్కా, పొద్దున అది లేస్తే టేపు ఏస్తా. నన్ను ఆపొద్దు. ఈడుండే డ్రైవర్లను సూసినావు గదా. ఒక్కడూ నిటారుగా కూచోలేదు. నేను మళ్లీ అందులోకి పోలేను."

నేను ఆపుతాననలేదు, ఆపననీ అనలేదు.

గురువారం వేకువనే గూడ్సు బండి కూతకు లేచాం. నోట్లోంచి పొగ వస్తున్నంత చలి. వాడు తాళం తిప్పాడు. తాబేలు లేచింది. జేబులోంచి టేపు తీశాడు.

జడ వేసుకోవడానికి నేను సంచిలోంచి నూనె సీసా తీశాను. తెల్లగా గడ్డకట్టి ఉంది. ఎలీశమ్మ మాట చెవిలో పడినట్టైంది. పొద్దునపూట కదలదు. ఎండెక్కితే తనే దిగుతాది.

"ప్రభుదాసూ, ఆగు. గాలి అందలేదనింది గదా ఆ యంత్రం. ఈ కారు గాలి యాడ పీలుస్తాది?"

"ఫిల్టరు కాడ. కొత్తదని సెప్తినే."

"తియ్యి దాన్ని."

విసుక్కుంటూనే బానెట్ ఎత్తి, నల్ల పెట్టె కొక్కేలు విప్పి మూత తీశాడు. టార్చి వేసి చూశాను. పెట్టె లోపల మైనం కరిగించి పోసినట్టు తెల్లటి గడ్డ. కాగితపు ఫిల్టరు మడతలన్నీ పూడుకుపోయి ఉన్నాయి. ఎవరో ఓర్వలేక చేశారనే మొదట అనుకున్నాను. వేలితో గీరి వాసన చూశాను. కొబ్బరి నూనె.

ఆదివారం కళ్ల ముందు నిలిచింది. గాలి పీల్చే పెట్టె మూత తెరిచి ఉంది. మేమంతా కళ్లు మూసుకుని ఉన్నాం. సీసా ఖాళీ. సంఘమంతా కలిసి ఆమేన్ అన్నాం. రోడ్డు పక్క నాపరాయి మీద కూర్చుండిపోయాను.

ప్రభుదాసు కూడా అప్పటికే గ్రహించాడు. దుమ్ము తుడిచే గుడ్డ చేతిలో ఉంది, కానీ కదలలేదు. "అక్కా, ప్రార్థన చేసి పోసిన నూనె. తుడ్సొచ్చునా?"

బయటి వాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపిస్తుందేమో. మా దగ్గర ప్రార్థన చేసి రాసిన నూనెను తుడవరు. తనకు తానే ఇంకిపోవాలి. నా పెళ్లిలో నుదుటి నుంచి కంట్లోకి కారినా మా అమ్మ నన్ను తుడుచుకోనివ్వలేదు. వాడు గేటు కోసం టేపు వేయడానికి సిద్ధపడ్డాడు గానీ, ఆ నూనె మీద గుడ్డ వేయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు. తుడవకపోతే దీపం ఆరదు. నా జవాబు కోసం చూస్తున్నాడు. వాక్యం చదువుకున్నదాన్ని నేనే కదా.

నాకు తెలిసినంత వరకు లేఖనంలో నూనె మనుషుల తలల మీద పోశారు. రాళ్ల మీద పోశారు, గుడారంలోని పాత్రల మీద పోశారు. ఊపిరి పీల్చే ముక్కులో ఎవరూ ఎవరికీ పోయలేదు. ఆ చలిలో నాకు తోచింది అంతే.

"తుడుస్తాను. మురికి గుడ్డతో కాదు" అన్నాను. ప్రార్థనకు తలమీద వేసుకునే నా తెల్ల ముసుగు తీసి, పెట్టె మూలమూలలా తుడిచాను. లోపలికి పోయే గొట్టం మూతి దగ్గర అంటుకున్నదాన్ని కూడా తీశాను. డ్రైవరు బుద్ధి కాబట్టి ప్రభుదాసు తీసేసిన పాత ఫిల్టరును పారేయకుండా డిక్కీలో ఉంచాడు. దాన్ని నేలకేసి కొట్టి, దుమ్ము దులిపి బిగించాడు. తాళం తిప్పాడు. కాసేపు దీపం అలాగే ఉంది. వాడు ఆపి మళ్లీ తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు. ఆరిపోయింది.

టేపు ముక్కను ఉండ చేసి కాలవలోకి విసిరాడు.

ముసుగులో ముద్దలా ఉన్న నూనెను పారేయడానికి నాకు మనసొప్పలేదు. అరచేతిలో రుద్దితే కరిగింది. "వంగు" అన్నాను. వాడు తల వంచాడు. లారీ దిగినప్పటి నుంచి నూనె చూడని జుట్టు. నిండుగా పట్టించాను. మిగిలింది నా తలకు రాసుకున్నాను.

గేటు దగ్గర కార్లు బారుగా నిలబడ్డాయి. బండ్లు చూసే సారు ఒక్కొక్కదాంట్లో తల పెట్టి, తాళం తిప్పించి, మీటరు వైపు చూస్తూ వస్తున్నాడు. మా ముందు కారు దగ్గర ఆగి, గోరుతో ఏదో గీకాడు. నల్ల టేపు ముక్క ఊడి వచ్చింది. దాన్ని డ్రైవరు చొక్కాకే అంటించి, చెయ్యి అటు చూపించాడు. ఆ డ్రైవరు మారు మాట లేకుండా బండి తిప్పుకున్నాడు. ప్రభుదాసు నా వైపు చూడలేదు. నేనూ వాడి వైపు చూడలేదు.

సారు మా కారులో తల పెట్టాడు. తాబేలు నిద్రలోనే ఉంది. ఆయన ముక్కు ఎగబీల్చాడు.

"ఏమప్పా, కొబ్బరి మండీ పెట్టినావా లోపల?"

"తలకు పూసుకున్యా సార్."

"ఇంత పూసుకుంటారా ఎవరన్నా? సీటుకు అంటితే ఆఫీసర్లు నన్ను తిడతారు. సోమవారం నుంచి రా. తలంటుకొని రా."

తిరిగి కర్నూలు

ఎలా చెప్పాలా అని దారంతా ఆలోచించాను. శామ్యూలయ్యగారు మందిరం మెట్ల మీద కూర్చుని ఉన్నారు. నంద్యాల నుంచి ఎర్రగుంట్ల దాకా జరిగిందంతా చెప్పాను.

"మనిషికి ఊపిరి ఇచ్చింది దేవుడే గదా, దీనికీ ఊపిరి తీసుకునే తావనే పోద్దామని పోస్తినమ్మా" అన్నారు. "బిడ్డ కూడు పోగొట్టబోతినే."

పని దొరికింది కదా అయ్యా అన్నాను. ఆయన విన్నట్టు లేదు. ఇంకేదో అడగాలనీ, అడగలేకపోతున్నారనీ తెలుస్తోంది.

"దాన్ని ఏంటితో తుడిచినావు?"

సంచిలోంచి ముసుగు తీసి చూపించాను. మడతల్లో ఇంకా జిడ్డు ఉంది. తమ్ముడి తలకూ నా తలకూ రాసిన సంగతి చెప్పాను. ఆయన ఆ గుడ్డ వైపు చూస్తూ కూర్చున్నారు. తర్వాత మెల్లగా తలపాగా తీసి పక్కన పెట్టి, బట్టతల నా వైపు వంచారు.

"మిగిలింటే నాకూ రాయమ్మా" అన్నారు.